మూడు పడవల మీద ఐసు

ఇసక ఎగిరొచ్చి మళ్ళీ పుస్తకం మడతలో కూర్చుంది.
దులిపితే రాలదు, గీకితే కాగితం చిరుగుతుంది.
బీటా అక్షరం పక్కన అలాగే ఉండనిచ్చాను.
రేపు పదిగంటలకి పరీక్ష.

పెదజాలారిపేటలో రాత్రి రెండు దాటితే
చదివేవాళ్ళకీ వేటకెళ్ళేవాళ్ళకీ ఒకటే టీ.
మేనత్త కాసులమ్మ ఫ్లాస్కు మూత తిప్పుతూ
"ఏటే ఆ గీతలు, వలా?" అంది.

వల కాదత్తా. అడ్డంగా రిస్కు, నిలువుగా లాభం.
ఈ వంపు మీద ఎక్కడైనా నిలబడొచ్చు.
కింద నిలబడ్డవాడు తెలివితక్కువవాడు.
"మరి పైన?"
పైన ఎవడూ నిలబడలేడు.
"అయితే డాల్ఫిన్ నోసే," అంది అత్త,
"పైకెళ్తే నేవీవోళ్ళు దించేస్తారు."

గుడ్లన్నీ ఒకే బుట్టలో పెట్టొద్దని
విశ్వేశ్వరం మాస్టారు క్లాసులో చెప్పారు.
అత్తకి చెబితే నవ్వింది. మనింట కోళ్ళెక్కడివి?
ఆవిడ పెట్టేది ఐసు, అరువుకి.
ఎల్లాజీ బోటుకి నలభై దిమ్మలు,
గనగళ్ల పోలయ్య బోటుకి ముప్పై,
మూడోదాని పేరు రాయొద్దంది,
వాడి పెళ్ళానికి తెలీదట.
ఒకడికి వంజరం పడని రోజు ఇంకొకడికి కానాగంతలు.
ముగ్గురికీ పడని రోజుకి
పెరట్లో ఎండు నెత్తళ్ళు.
ఎవరు నేర్పారత్తా?
ఆకలి అంటుందనుకున్నాను.
"మీ మావయ్య," అంది. "ఒక్క బోటునే నమ్మి."

ఆ మూడు పడవలకీ సహసంబంధం కట్టాను,
పదిహేడు నెలల చీటీలు, డీజిలు మరకల లెక్కలు.
సున్నా పాయింట్ రెండు. ముచ్చటగా వచ్చింది.
ప్రోగ్రెస్ కార్డు చూపించే పిల్లలా చూపించాను.
అత్త కాగితాన్ని దీపానికెత్తి పట్టుకుని
చదవడం రాకపోయినా చాలాసేపు చూసింది.
"ఇందులో హుద్‌హుద్ ఉందా?"

లేదు.

"అయితే ఇది బాగున్న రోజుల చుట్టరికం."

ఆ రోజు
ఎల్లాజీ బోటూ పోలయ్య బోటూ పేరు రాయనిదీ
ఒకే తాడుకి కట్టినట్టు
హార్బరులో ఒకే రాతిగోడకి కొట్టుకున్నాయి.
పాయింట్ రెండు ఒక్క పూటలో ఒకటైంది.
ఐసు ఫ్యాక్టరీ కప్పు రోడ్డు దాటి వెళ్ళిపోయింది.
నెత్తళ్ళు తిరిగి నీళ్ళలోకి పోయాయి,
ఎండినవీ, ఉప్పు పట్టినవీ,
సముద్రం బాకీ లెక్కచూసి వసూలు చేసుకున్నట్టు.

ఐదో అధ్యాయం: రిస్కు లేని ఆస్తి.
నిర్వచనం నాకు నోటికొచ్చు.
అత్త ట్రంకు పెట్టె అడుగున తడిమి
పోస్టాఫీసు పాసుబుక్కు తీసింది.
తుఫానుకి నానిన పాతది, అంకెలన్నీ ఒకే నీలి మరక.
దానికి పిన్నుతో గుచ్చిన కొత్తది,
పదకొండువేల నాలుగువందలు.
కరెంటు లేని ఆ వారం
తడిసిన లెడ్జరు కిటికీ చువ్వల మీద ఆరబెట్టి
ఒక్కో అంకె పైకి చదువుకుంటూ
మళ్ళీ రాసిచ్చిందట కౌంటర్లో ఒకావిడ.
పేరు అడగలేదంట.
మర్నాడు చందువ పట్టుకెళ్తే
తీసుకోలేదంట, శనివారమని.

నిర్వచనం కొట్టేయలేదు, మార్కులు కావాలి.
పక్కన పెన్సిలుతో మాత్రం రాసుకున్నాను,
లెడ్జరు ఆరబెట్టిన చెయ్యి అని.
రేపు అది రాస్తే సున్నా.

నాలుగున్నర. కింద ఇసకలో
ఎవరిదో ఫైబర్ తెప్ప ఇంజను దగ్గుతోంది.
అత్త లేచి చీటీల కట్ట నడుముకి దోపుకుంది.
ఇవాళ్టి నుంచి నాలుగో బోటుకి కూడా ఇస్తుందట.
ఎవరిదత్తా?
"భీమిలోడిది. రేవు వేరు."

గాలి ఒకటే కదా అనబోయి
పెన్సిలు చెక్కుకున్నాను.