వెనకవైపు కిటికీ

బొంబాయి మున్సిపాలిటీ మేడను
అందరూ ముందునుంచే ఫొటో తీస్తారు.
గుమ్మటం, కొనతేలిన కమానులు,
నోళ్లు తెరిచిన రాతి జంతువులు.
పునాది వేసిన దొర పేరు పలక మీద ఉంది.
రాళ్లు మోసినవాళ్లకి చోటు చాల్లేదు.

హంసా వాఘేలా మాత్రం వెనకనుంచి వస్తుంది.
అక్కడొక కిటికీ ఉండేదట,
ఇటుకలతో పూడ్చేశారు.
ప్లేగు ఏడాది, చచ్చిన ఎలుకల్ని బుట్టల్లో తెచ్చి
అక్కడే లెక్క అప్పజెప్పేవారు.
తాకకుండా, పైనుంచి
డబ్బులు జారవిడిచేవారు.

రికార్డు గది ఊడుస్తుంటే
గుమాస్తా పరాంజపే ఓ పుస్తకం దులిపి చదివాడు:
డాహ్యా కాలా. ఎలుకలు నలభై ఒకటి.
డాహ్యా కాలా. ముప్పై ఆరు.
డాహ్యా కాలా. పదకొండు.
తర్వాత ఆ పేరు లేదు.
ఎందుకో రాయడానికి అందులో గడి లేదు.
మర్నాడు అదే వార్డు, అదే బుట్ట నంబరు,
పేరు బదులు వేలిముద్ర
చింతగింజంత.

"మీవాళ్లా?"
"ఏమో. ఎవరి పిల్లో" అంది హంస.
చీపురు గోడకానించి
మళ్లీ ఒకసారి చూపించమంది.
లెక్కపెట్టొచ్చు, అంత స్పష్టంగా ఉన్నాయి గీతలు.
నూరేళ్లు దాటిన సిరా.

సాయంత్రం గేటు దగ్గర, హాజరు యంత్రం మీద
బొటనవేలు పెట్టింది.
తుడిచి పెట్టింది. ఊది పెట్టింది.
ఎర్రదీపం.
ఫినాయిలు తినేసిన వేలు, గీతల్లేవు.
వెనక వరస పెరుగుతోంది.
"పక్కకి జరుగు" అన్నాడు కాపలావాడు.

"సిరా ఉందా?" అడిగింది హంస.