వెనకద్దం

అల్వాల్‌ల పొద్దుగాల పట్టిన మంచు
గోషామహల్ వచ్చేసరికి ఎండ తాగేసింది.
"మేడ మీదికెల్లి మీట నొక్కితే
నేను దిగేలోపు వెనకద్దం తేటపడాలె" అన్నడు సారు.

రిమోట్ డబ్బా మీద అంత బరువెయ్యొద్దు,
నడుమ రిలే ఉండాలె. ఖలీల్ ఉస్తాద్ మాట.
పెట్టిన. ఫ్యూజు, నల్లటేపు మూడు చుట్లు.

మంచు లేకుంటే పరీక్షెట్ల?
వెనక సీటెక్కి అద్దం మీద హా అని ఊదిన.

ఊదినకాడ అక్షరాలు తేలినయి.
దీర్ఘాలు మరిచిన చిన్న వేలు:
సారి డాడి.

మీట నొక్కిన.
గీత గీతకూ ఆవిరి చీలింది.
ముందు సారి పోయింది, తర్వాత డాడి.

సారు బయట ఫోన్ల ఎవల్నో తిడుతుండు.

ఆవిరి పోతది గని వేలి జిడ్డు పోదు.
బండి ఇచ్చేముందు అద్దం తుడుసుడు నా అలవాటు.
ఇయ్యాల గుడ్డ
భుజం మీదనే ఉంచిన.