భ కింద గీత

సెలవుచీటీలో కారణం దగ్గర
"సొంత పని" అని రాశాను.
పనేమీ లేదు.
అంబత్తూరులో పదకొండేళ్ళుగా బేరింగుల లెక్కలు రాస్తూ
సముద్రమున్న ఊళ్ళో ఉన్నానని మరిచిపోయాను, అంతే.

రాయపురంలో లోకల్ దిగాక
దారి అడగక్కర్లేదు, ముక్కే తీసుకుపోతుంది.

కాశిమేడులో ఇవి వేట నిషేధం రోజులు.
ఐసు ఫ్యాక్టరీ సగం నిద్రలో ఉంది.
పెద్ద మరపడవలన్నీ ఒకదాని భుజానికొకటి ఆని
పెళ్ళింట్లో భోజనాలయ్యాక మగవాళ్ళలా
ఎక్కడివక్కడ పడుకున్నాయి.
వాటి మీంచి దాటుకుంటూ
రేవు ఈ కొస నుంచి ఆ కొసకి
కాలు తడవకుండా పోవచ్చట.
రెండు దాటాను. మూడోది కదిలింది. వెనక్కొచ్చాను.

చిన్న ఫైబరు పడవలు మాత్రం
తెల్లారకముందే వెళ్ళొచ్చాయి.
జ్ఞానపుష్పం ముందు గోనెపట్టా మీద
కాసిని కానాగంతలు, నాలుగు పీతలు,
ఎర్రటి చేప ఒకటి.
"శంకరా" అంది.
మా కావలి వైపు దాన్నేమంటారో
గుర్తు తెచ్చుకోబోతే
నాలుక మీద తమిళపు పేరే ఉంది.
ఆలోచించేవాళ్ళకి చేప ఆగదన్నట్టు
కత్తి ఎత్తింది. కొనేశాను.

మధ్యాహ్నానికి నీడ
ఒడ్డుకెక్కించిన ఒక పడవ పొట్ట కింద దొరికింది.
అప్పటికే అక్కడ దానయ్య
కాలి బొటనవేలికి వల తగిలించుకుని
చిరుగులు కడుతున్నాడు.
ఫోనులో నా మాటలు విన్నాడేమో,
"మీదేవూరమ్మా?" అన్నాడు.
నేను చెప్పాను. ఆయన వినలేదు.
"తెలుగు రాస్తావేటి?"

పడవ పక్కన నంబరూ, ఓనరు కూతురి పేరూ
పెయింటరు వేలాయుధం అప్పుడే రాసేశాడు.
దానయ్యకి కావలసింది లోపల,
చుక్కాని చక్రం పక్కన జానెడు చోట్లో
తన ఊరు. బావనపాడు.
రంగు మిగిలితే రాయించుకోమన్నాడట ఓనరు.
"నాకు సదవడం రాదు గానీ
అక్కడుంటే సాలు.
రేత్రి లైటు పడితే అగుపిస్తాది."

చేత్తో తెలుగు రాసి ఎన్నాళ్ళయిందో.
చేపల చీటీ వెనక రాసి, కొట్టేసి, మళ్ళీ రాశాను.
వేలాయుధం దాన్ని బొమ్మలా
కింది నుంచి పైకి, కుడి నుంచి ఎడమకి
తనకు తోచిన వైపు నుంచి అట్టముక్క మీద దించుతూ
భ కింద ఆగాడు.
ఈ తోక దేనికని తమిళంలో అడిగాడు.

ఆయన భాషకి ఆ గీత అక్కర్లేదు.
దానయ్య నోటికీ అక్కర్లేదు,
పుట్టినప్పటి నుంచీ ఆయనది బావనపాడే.
నాకు మాత్రం రత్తయ్య మాస్టారు గుర్తొచ్చాడు.
అరచెయ్యి నోటి ముందు పెట్టించి
గాలి తగిలితే భ, తగలకపోతే బ,
తగలకపోతే బెత్తం.

చూపించాను.
వేలాయుధం బ అన్నాడు, భ అన్నాడు,
చెయ్యి చూసుకుని నవ్వాడు.
దానయ్య వల వదిలేసి తనూ అరచెయ్యెత్తాడు.
ముగ్గురం పడవ పొట్ట కింద
ఎవరి ఊపిరి వాళ్ళం పట్టి చూసుకుంటుంటే
దూరం నుంచి జ్ఞానపుష్పం
ఎండదెబ్బ అనుకునుంటుంది.

తర్వాత ఆయన నిచ్చెనెక్కి లోపలికెళ్ళాడు.
నేనెక్కలేదు.
కిటికీలోంచి మోచెయ్యి ఒక్కటే కనబడింది,
ఏదో గీతని
డబ్బాలో నీలం అయిపోయేదాకా లాగుతున్నట్టు.
దానయ్య వెళ్ళి చూసొచ్చాడు.
సరిగ్గా వచ్చిందా అని అడిగితే
"రంగు బాగుంది" అన్నాడు.

తిరుగు లోకల్లో సంచి కారుతోంది.
ఎదురుగా కూర్చున్నావిడ కాళ్ళు పక్కకి జరుపుకుంది.
నిషేధం తీరిన రాత్రి
ఆ పడవ ఇంజను వేసేసరికి నేను నిద్రలో ఉంటాను.
నేను చూడని నా అక్షరాలు
పెద్ద నీళ్ళ మీద ఊగుతుంటాయి.

వ్యాసర్పాడి దాటాక
ఎవరూ చూడనప్పుడు
అరచెయ్యి నోటి ముందు పెట్టుకున్నాను.
గాలి తగిలిందో లేదో తెలియలేదు.
చేపల వాసన.