దువ్వెన వెల

పర్లాకిమిడి ఠాణాలో
నేను తెలుగులో చెబుతుంటే
ముహరీరు ప్రహల్లాద్ సబర ఒడియాలో రాసుకుంటున్నాడు,
నా ఒక్కో అక్షరం నెత్తినా ఒక గొడుగు వేస్తూ.

పోయినవేటి?
రైస్ కుక్కర్. పదిహేడువందల యాభై, బిల్లుంది.
వెండి పట్టీలు. రెండువేల తొమ్మిదివందలు.
బిల్లు లేదు, చీలమండ మీద ఒరుపు మచ్చ ఉంది.
కొమ్ము దువ్వెన ఒకటి.

తీసిందెవరు?
పుణ్యవతి.
తలెత్తి చూశాడు. తెలుగు అర్థమవుతుంది అతనికి.
నవ్వలేదు, అందుకో దండం.

ఏడాదిన్నర ఒకే గది.
మందుల కొట్టులో నేను, జెరాక్స్ షాపులో తను.
కరెంటు బిల్లు సగం, గుడ్ల పులుసు సగం.
టైఫాయిడ్ వచ్చినప్పుడు
రాత్రంతా నా నుదుట తడిగుడ్డ మార్చింది.
ఆ కాగితంలో దానికి గడి లేదు.

చూడమ్మా, అన్నాడు సబర,
మొత్తం ఐదువేల లోపైతే
మేజిస్ట్రేటు అనుమతి రానిదే నేను కదలకూడదు.
మొదటి తప్పయి, సొమ్ము తిరిగిచ్చేస్తే
ఏ ఆసుపత్రో కొన్నాళ్ళు ఊడవమంటారు.
ఐదువేలకు చేరిందా, ఎఫ్ఐఆర్. మూడేళ్ళ దాకా జైలు.
ఇంట్లో దొంగతనానికి ఏడేళ్ళ సెక్షనొకటుంది,
కానీ ఆ ఇల్లు ఆమెదీనూ కదా!
అది కోర్టు తేల్చాలి.
నేను రాయనంటే ఎస్పీకి పోస్టులో పంపుకో,
అని తన మీద తనే చెప్పాడు.
బేగి చెప్పు మరి,
మహేంద్రతనయ దాటి పాతపట్నంలో బస్సెక్కిందంటే
వేరే రాష్ట్రం, వేరే టోపీ.

వేళ్ళ మీద కూడాను. నాలుగువేల ఆరువందల యాభై.
దువ్వెన ఎంత?

కొమ్ముపని మానేసే ముందు
మా మావ చేసిన ఆఖరి ముక్క.
అంచున ఒక పన్ను విరిగింది.
ధర అడగడానికి అతనూ లేడు.
మూడువందల యాభై అంటే జైలు.
మూడువందల నలభై తొమ్మిదంటే చీపురు.
ఒక్క రూపాయి
నా నాలుక మీద ఎప్పుడూ ఇంత బరువు తూగలేదు.

పొద్దున్నే దాని పళ్ళలో చిక్కుకుని ఉండేవి
నావీ తనవీ వెంట్రుకలు.
ఏవి ఎవరివో ఏనాడూ విడదీయలేదు.
దువ్వెన మరిచిపోయి సంచిలో వేసుకుందేమో.
అవును గానీ, కుక్కరు
ఎవరూ మరిచిపోయి పట్టుకెళ్ళరు.

ఎంత రాయమంటావు? పెన్ను ఆగింది.

దువ్వెన కొట్టేయండి సార్,
అది పోలేదు.

సబర నా జుట్టు వైపు చూశాడు.
రబ్బరు బ్యాండులో కుక్కిన చిక్కు.
ఏమీ అనకుండా గీత గీశాడు.
చదివి వినిపించాడు, నాకు సగమే తెలిసింది,
అబద్ధం ఉన్న వరుస మాత్రం గుర్తుపట్టాను.
కిందే సంతకం చేశాను.

దారిలో కొత్త తాళం కొన్నాను.
దానికీ రెండు చెవులిచ్చాడు కొట్టువాడు.
రెండోది వద్దంటే
విడిగా అమ్మరమ్మా, అన్నాడు.