మీటరు ఎత్తు

నెలకోసారి ఈ కాలనీకి వస్త.
భుజానికి మిషను, చెవి మీద పెన్ను,
గేటు కాడ కుక్కను చూసుకొని
"కరెంటు బిల్లూ" అని ఒక కేక.

నేను కొత్తగ వచ్చిన్నాడు
హన్మకొండల ఈ మూలకు మీటర్లన్ని నడుమెత్తుల ఉండె.
వంగి చదివేది.
ఒకరింట్ల మీటరు డబ్బా మీద ముగ్గు గిన్నె,
ఒకరింట్ల పిలగాని సాక్సులు.

ఆ ఏడు మఖ కార్తెల
మూడు దినాలు వాన తెరిపియ్యలె.
నాలా తన గోడను తనే నూకేసుకుంది.
రాత్రి రెండింటికి
గ్యాసు బుడ్లు, ప్లాస్టిక్ కుర్చీలు, ఎవరిదో పెండ్లి ఆల్బం
ఆరో నంబరు రోడ్డు మీద ఈత నేర్చుకున్నయి.

లైను బందు పెట్టిచ్చి
నడుంలోతు నీళ్లల్ల పోతాంటే
చుక్కమ్మ మేడ మీదికెల్లి ఒర్రింది:
"అటు పోకు బిడ్డా, అది తూము బొంద.
నిలువు మనిషి మునుగుతడు."
నాకక్కడ కనపడ్డది
ఒక బ్యూటీ పార్లరు బోర్డు, సగం.

చుక్కమ్మ నాయన ఓదెలు, గుండ్ల చెరువు నీరడి.
తూము ఎన్ని జానలు లేపాలె,
ఎవరి మడికి ఎన్ని గడియలు,
అంత ఆయన నోట్లనే. కాయితం లేదు.
మత్తడి దుంకితే
ఇండ్లకు తాళాలేసి చూడబోయేటోళ్లట.
ఇప్పుడా మత్తడి రాళ్ల మీద
టిఫిన్ సెంటరోడు పిండి రుబ్బుతున్నడు.

"ఎవలు కబ్జా పెట్టిండ్రమ్మా" అని అడిగిన.
చాయ గ్లాసు కింద పెట్టి
"కబ్జా ఏంది, మేమే అమ్మినం.
శిఖమని ఎరికుండే అమ్మినం.
గజం నూట ఎనభై.
అన్నలకు రెండు ట్రాక్టర్లు, నాకీ మూల ప్లాటు.
నాయన ఆ పొద్దు బువ్వ తినలె.
తెల్లారి తిన్నడు."
ఆమె ఫ్రిజ్జు ఇంక బురద వాసనే.

అప్పటిసంది మీటర్లు గోడలెక్కుతున్నయి.
ముందుగాల ఛాతికి,
తర్వాత ముక్కుకు.
పాత జాగల స్క్రూ బెజ్జాలు
సున్నమేసినా పూడవు.
నేను సంచిల ఒక మడత స్టూలు పెట్టుకున్న.
యూనిట్లు చదివి దిగేటప్పుడు
నీళ్ల మరక కూడ కండ్లల్ల పడుతది,
దానికి బిల్లు కొట్టే మిషను ఇయ్యలె.

మిగిలిన చెరువుకు కట్ట మీద
రంగు లైట్లు పెట్టిండ్రు, పెడల్ పడవలు పెట్టిండ్రు.
ఆ లైట్ల రీడింగు గూడ నాదే.
ఐతారం టికెట్టు కొని నీళ్లు చూసేటోళ్లే
మొగులు పడితే
టార్చిలైటేసి నాలాను చూస్తరు.

మొన్న ఎనిమిదో నంబరుల కొత్త ఇల్లు.
ఓనరు, పైడిపెల్లి సారు,
"మీటరు ఎంతెత్తుల పెట్టాలె" అన్నడు.
నేను కొలతల పుస్తకం తీసిన.
చుక్కమ్మ గోడ పట్టుకుంట వచ్చింది.
చెంగు నడుముకు చెక్కి
నేల నుంచి జానలు పెట్టుకుంట లేచింది.
తొమ్మిదింటికి ఆగింది.
అటు చెరువు దిక్కు ఒకసారి చూసి
ఇంకో జాన పెట్టింది.
ఇటుక పెల్లతోని గీత గీసింది.

సారు నవ్విండు.
నేను సంచిల స్టూలు తడుముకున్న.
పొట్టిదయింది.