ఆరు గంటల ఇస్తాంబుల్

విమానానికీ విమానానికీ మధ్య ఆరు గంటలు.
జురాబ్ చేతిలో చీటీ: మసీదు, రాజభవనం, బజారు,
నిమిషాలతో సహా.
ట్రామ్ దిగీ దిగగానే
ఎకా చెప్పు తెగింది.

రేవు మెట్ల మీద వలలు బాగుచేసుకునే ముసలాయన
అడక్కుండానే పురికొస తెంపి కట్టాడు,
పడవకేసి గడ్డం ఊపాడు.
ఎక్కేశాం.

అవతలి ఒడ్డు ఆసియా అట. దిగలేదు.
అదే పడవలో ఇటు, మళ్లీ అటు.
నువ్వుల రొట్టె సగం పిల్లకి, సగం పక్షులకి.
మా అత్తగారైతే
టీ గ్లాసు రెండు చేతులా పట్టుకుని
ఈ ఊళ్లోనే పుట్టినట్టు
రేవు వచ్చినప్పుడల్లా విసుక్కుంది.

జురాబ్ గ్లాసు కింద చీటీ,
రాజభవనం చుట్టూ గుండ్రటి మరక.
చూశాడు. తియ్యలేదు.

తనిఖీ దగ్గర చెప్పులు విప్పమన్నారు.
ఎకా ముడి మీద చెయ్యి వెయ్యనివ్వలేదు.
వెనక వరసంతా ఆగిపోయింది.