వంటల అరలో

బ్రాడ్‌ఫర్డ్ పోస్టాఫీసులో పదకొండేళ్లు
రాత్రి డ్యూటీ చేశాను.
ఊళ్ల పేర్లు గూళ్లలోకి విసరడం నా పని.
కీత్లీ, షిప్లీ, బింగ్లీ,
చూడకుండా విసిరినా ఏ గూటి ఉత్తరం ఆ గూట్లో పడేది.
నా కథలు మాత్రం, ఎక్కడికి విసిరినా
నా గూటికే వచ్చి పడేవి.

బెజవాడ పత్రిక వాళ్ల నియమం:
తిరుగు టపాకి స్టాంపులంటించిన కవరు జతపరచాలి.
రాణిగారి తల అక్కడ చెల్లదు.
పోస్టాఫీసులో పనిచేస్తూ, ఇండియా స్టాంపుల కోసం
సెలవుకి గుంటూరు వెళ్లొచ్చే ప్రతివాళ్లనీ బతిమాలాను.
ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తుంది,
పిల్ల గడప దాటకముందే
తిరిగొచ్చే దారిఖర్చు చేతిలో పెట్టి పంపడం.

ఒక రాత్రి, మూడు దాటాక,
విదేశీ సంచీ బోర్లిస్తే జారిపడింది
నా చేతిరాతతో, నా పేరు మీద.
"ఎవరైనా పోయారా?" అంది పక్కనున్న మౌరీన్.
"లేదు, కథ" అన్నాను.
జేబులో వేసుకోకూడదు, రూలు.
మా వీధి గూట్లో నేనే వేసి
పొద్దున్నే ఇంటికెళ్లి, పడుకోకుండా
పోస్ట్‌మాన్ కోసం కూర్చున్నాను.
లోపల అచ్చు చీటీ.
"ప్రచురించలేకపోతున్నందుకు చింతిస్తున్నాము."
చింతిస్తున్నాము పక్కన టీ మరక.
నెలరోజులు చూశాను ఆ మరకని.
చదువుతూ తాగారా?
చదవకుండా తాగారా?

పద్నాలుగోది అచ్చయింది.
మౌరీన్ క్యాంటీన్లో అందరికీ చూపించింది,
తలకిందులుగా పట్టుకుని.
ఆఖరి పేరా లేదు.
తలనూనె ప్రకటనకి చోటు చాలలేదట.
కథలో ఆవిడ బస్సు దిగాలి. దిగలేదు.
ఇప్పటికీ ఆ బస్సులోనే ఉంది.
ముగింపు అద్భుతం అని
ఏలూరు నుంచి ఎవరో కార్డు రాశారు.

తర్వాత పుస్తకం.
రెండు చలికాలాల ఓవర్‌టైం, ఒక జత గాజులు.
అయిదొందల ప్రతులు, ఓడలో మూడు నెలలు.
అట్ట మీద కిటికీ వెయ్యమన్నాను, మట్టికుండ వేశారు.
ముందు హైమవతి, వెన్ను మీద హేమవతి.
ఒకే ఒక్క సమీక్ష:
"హేమవతిగారు ఇంకా సాధన చెయ్యాలి."
పోనీలే, నన్ను కాదు.

ఉగాది సభలో, స్కూలు హాల్లో,
పులిహోర బల్ల పక్కనే వేశారు నా బల్ల.
పులిహోర అయిపోయింది.

పంతొమ్మిది అమ్మాను. నలభై పంచాను.
మిగతావి మెట్ల కింద అలమరలో.
హూవర్‌కి చోటు లేదని మా ఆయన ఎప్పుడూ అనడు.
హూవర్‌ని హాల్లో నిలబెడతాడు.

మొన్న షిప్లీలో వాన.
తడవకుండా చారిటీ షాపులో దూరాను.
వంటల అరలో, కేకుల పుస్తకానికీ
మైక్రోవేవ్ పుస్తకానికీ మధ్య,
బోర్లా తిరిగి ఉంది నా మట్టికుండ.
యాభై పెన్నీలు.

మొదటి పేజీలో నా సంతకం, "ప్రేమతో".
ఎవరికి రాశానో ఆ పేరు మటుకు
కత్తెరతో నీటుగా తీసేశారు.
మర్యాదస్తులే.

మూసెయ్యబోతుంటే అరవైమూడో పేజీ
దానంతటదే తెరుచుకుంది.
మొగుడి మీద కోపంతో ఆవిడ పులుసు కాచే చోట,
పక్కన సన్నటి పెన్సిలు రాత:
"ఇంగువ చివర్న కాదమ్మా, పోపులో వెయ్యాలి."

నిలబడ్డ చోటే తిప్పుకుంటూ పోయాను.
నూట పన్నెండు దగ్గర గోధుమరంగు మరక.
వాసన చూశాను. టీయే.

కౌంటరు దగ్గర పెద్దావిడని పెన్సిలడిగాను.
ఆ రాత కింద రాశాను:
"నాకూ తెలుసండీ. ఆవిడ కోపంలో ఉంది."
కుండ మూతి పైకి ఉండేలా
వంటల అరలోనే పెట్టి వచ్చేశాను.

బస్సు కదిలాక గుర్తొచ్చింది,
పెన్సిలు తిరిగివ్వలేదు.